రాజ్యం కన్న వంశం: కాకతీయుల పుట్టుకపై కొన్ని ఆలోచనలు

1

రాజవంశాల చరిత్ర రాసేవారు ముందుగా ఒక మూలపురుషుణ్ణి చూపిస్తారు. అక్కడి నుంచి కొడుకు, మనుమడు, మునిమనుమడు అంటూ కిందికి దిగివస్తారు. చదివేవారికి వంశం ముందు పుట్టిందనీ, రాజ్యం తర్వాత వచ్చిందనీ అనిపిస్తుంది. వంశంలో ఏదో గొప్పతనం ఉండబట్టే రాజ్యం దక్కిందన్న భావన కూడా దానితోపాటే మనసులో చేరుతుంది. పాలకవర్గాలు తమ కోసం రాయించుకున్న చరిత్ర ఇది. జరిగింది చాలాసార్లు దీనికి తలకిందులు. ముందు ఆయుధబలం వస్తుంది. దానితో భూమి వస్తుంది. భూమి మీద పనిచేసే చేతుల నుంచి మిగులు వస్తుంది. ఆ మిగులు మీద రాజ్యం నిలబడుతుంది. రాజ్యం నిలబడ్డాకనే పండితుడు వచ్చి వంశవృక్షం రాస్తాడు.

దీన్ని పరిశీలించడానికి మనం దూరం పోనక్కరలేదు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట ఎక్కినా, వేయిస్తంభాల గుడి ముందు నిలబడినా చాలు. ఈ ఊరినుంచే ఒక కుటుంబం సైనికోద్యోగంతో మొదలై, సామంతులై, స్వతంత్ర రాజులై, చివరికి తెలుగు నేలలో ఎక్కువ భాగాన్ని ఏలింది. ఆ కుటుంబమే కాకతీయులు.

ఈ చర్చ ఇప్పుడెందుకు అని పాఠకులు అడగవచ్చు. 2022 జులైలో ప్రభుత్వం కాకతీయ వైభవ సప్తాహం జరిపి, బస్తర్ రాజకుటుంబీకుణ్ణి కాకతీయుల వారసుడుగా వరంగల్లుకు పిలిచి గౌరవించింది. 2024 మే నెలలో రాష్ట్ర అధికార చిహ్నం నుంచి కాకతీయ తోరణాన్ని తొలగించే ప్రతిపాదన వచ్చినప్పుడు పెద్ద వాదం చెలరేగింది. అది ఆత్మగౌరవ చిహ్నమని ఒకరన్నారు, రాచరిక చిహ్నమని మరొకరన్నారు. మరోవైపు కాకతీయులు మావాళ్లంటే మావాళ్లని కులాల పేరిట పోటీ సాగుతూనే ఉంది. కాకతీయులది ఏ కులమని అడిగే పిల్లలు తరగతి గదుల్లో కూడా ఉన్నారు. ఆ ప్రశ్నను కసరి కొట్టివేయడం సులభం. కానీ ఆ ప్రశ్నకు శాసనాలు ఇచ్చే జవాబు ఏమిటో చూస్తే, ప్రశ్నే మారిపోతుంది.

2

క్రీ.శ. 956 నాటి మాగల్లు తామ్రశాసనం వేయించినవాడు తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడు. కాకర్త్య గుండ్యన అనే సేనాని కోరిక మీద ఇచ్చిన దానం అది. దానార్ణవుడు రాష్ట్రకూటుల అండతో రాజ్యం సంపాదించినవాడు. గుండ్యన పూర్వీకుల పేర్ల చివర ఆ శాసనంలో ‘రాష్ట్రకూట’ అనే మాట ఉంది. ఆ మాట రక్తసంబంధాన్ని చెబుతుందా, కొలువును చెబుతుందా అన్నదాని మీద చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. మనకు ఇక్కడ ముఖ్యమైనది ఒక్కటే. ఈ కుటుంబం మనకు మొదట కనిపించేది సింహాసనం మీద కాదు, మరొకరి దండులో.

973లో రాష్ట్రకూట సామ్రాజ్యం కూలింది. ఏ పెద్ద చెట్టు నీడలో ఈ కుటుంబం పెరిగిందో ఆ చెట్టే పడిపోయింది. ఆ తర్వాతి కథను విరియాల వారి గూడూరు శాసనం చెబుతుంది. బేతరాజు చిన్నవాడుగా ఉన్నప్పుడు, విరియాల ఎఱ్ఱన భార్య కామసాని కళ్యాణి చాళుక్య చక్రవర్తిని మెప్పించి అతన్ని అనుమకొండలో నిలబెట్టిందట. కాకతీయ రాజ్యానికి తొలి పునాది వేసిన చేతుల్లో ఒకటి పొరుగు సామంత కుటుంబపు స్త్రీది. రాజుల పట్టికలో మాత్రం ఆమె పేరుకు చోటు లేదు.

బేతరాజును బయ్యారం చెరువు శాసనం గరుడాంక బేతడని పిలుస్తుంది. గరుడుడు రాష్ట్రకూటుల చిహ్నం. కళ్యాణి చాళుక్యుల కొలువులో చేరాక ఈ కుటుంబం వరాహాన్ని చిహ్నంగా పెట్టుకుంది. వరాహం చాళుక్యులది. ప్రభువు మారితే ముద్ర మారింది. బేతరాజు కొడుకు మొదటి ప్రోలరాజుకు అనుమకొండ విషయం వంశపారంపర్య హక్కుతో దక్కిందనీ, ఇచ్చినవాడు త్రైలోక్యమల్ల బిరుదున్న చాళుక్య సోమేశ్వరుడనీ కాజీపేట శాసనం వల్ల తెలుస్తున్నది. అంతవరకు కొలువు చేసిన కుటుంబం ఇప్పుడు భూమి మీద హక్కున్న కుటుంబమైంది. వంశానికి అసలు పుట్టినరోజు ఇదే అనుకోవచ్చు. తండ్రి నుంచి కొడుక్కి దిగడానికి ఒక ఆస్తి ఏర్పడ్డాకనే తండ్రెవరు, తాతెవరు అన్న లెక్క అవసరమవుతుంది.

చాళుక్యుల బలం సన్నగిల్లాక ప్రోలరాజు మనుమడి కొడుకైన రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాడు. 1163లో వేయించిన వేయిస్తంభాల గుడి శాసనాన్ని చరిత్రకారులు ఆ స్వాతంత్ర్య ప్రకటనగా పరిగణిస్తారు. 956 నుంచి 1163 దాకా రెండు వందల ఏళ్లు దాటింది. సేనాని ఇంటి నుంచి రాజు ఇల్లు రావడానికి ఇన్ని తరాల కొలువు, యుద్ధం, బేరం, భూసంపాదన పట్టాయి. వంశగౌరవం ఒక్కటే చాలేట్టయితే ఇంతకాలం ఎందుకు పట్టాలి?

3

ఇక ఆ పిల్లల ప్రశ్నకు వద్దాం.

కాకతీయ శాసనాల్లో ఎక్కువభాగం వర్ణం ఊసే ఎత్తవు. ఎత్తినవాటిలో ఎక్కువ వారిని నాలుగో వర్ణం వారని, అంటే శూద్రులని చెబుతాయి. గణపతిదేవుని సేనాని మల్యాల గుండన వేయించిన బోత్‌పూరు, వడ్డమాను శాసనాలు ఇందుకు ఉదాహరణలు. శత్రువు నింద కాదది, సొంత సేనాని రాయించిన మాట. అందులో తలవంపు ఏమీ లేదు. గణపతిదేవుడు తన చెల్లెలు మైలాంబను నతవాడి వారికి, కూతురు గణపాంబను ధరణికోట ఏలిన కోట వారికి ఇచ్చాడు. ఇవి కూడా అదే వర్ణానికి చెందిన సామంత కుటుంబాలే.

బయ్యారం శాసనం చెక్కించింది ఆ మైలాంబే. ఆమె తవ్వించిన ధర్మకీర్తి సముద్రమనే చెరువు కట్ట మీద తన పుట్టింటి వంశాన్ని రాయించింది. కాకతి నుంచి ఏలిన వెన్నడనే పూర్వీకుడితో అది మొదలవుతుంది. తర్వాతి ముగ్గురు గుండరాజులను ముగ్గురు రాములతో పోల్చింది. అది పోలిక మాత్రమే, రాముని వంశంలో పుట్టామని చెప్పుకోవడం కాదు. కాకతీయులు చెప్పుకున్న ఆదిపురుషుడు దుర్జయుడు. ఈ దుర్జయుణ్ణి తెలుగునాట ఇంకా ఎన్నో సామంత కుటుంబాలు తమవాడన్నాయి. జయించడానికి వీలుకానివాడని ఆ పేరుకు అర్థం. కత్తితో పైకి వచ్చిన కుటుంబాలకు సరిపోయిన తాత.

అయితే ఇదే గణపతిదేవుని మోటుపల్లి శాసనంలో ఆ దుర్జయుడికి పైన సూర్యవంశపు రాజులు వచ్చి కూర్చున్నారు, రామునితో సహా. 1261 నాటి మల్కాపురం శాసనం కూడా కాకతీయులను సూర్యవంశానికి చేర్చింది. మరి శూద్రులన్న మాట నిజమా, సూర్యవంశమన్న మాట నిజమా? ఈ ప్రశ్నను ఇలా వేయడమే తప్పు. ఏ మాట ఎక్కడ, ఎవరి ముందు చెప్పారన్నది చూడాలి.

మోటుపల్లి సముద్రతీరపు రేవు. అంతకుముందు రాజులు తుఫాను దెబ్బకు తీరం చేరిన ఓడల సరుకును దోచుకునేవారు. తాను న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు 1244లో అక్కడ విదేశ వర్తకులకు అభయమిచ్చాడు. తీరాంధ్రం పాత రాజవంశాలు, పాత అగ్రహారాలు నిండిన నేల. చోళ చక్రవర్తులు తమ వంశాన్ని సూర్యుడి నుంచి చెప్పుకున్న పద్ధతి అక్కడివారికి తెలిసినదే. కొత్తగా ఆ నేలకు ప్రభువైనవాడు ఆ భాషలోనే తన పేరు చెప్పుకున్నాడు. మల్కాపురం శాసనం సంగతి ఇంకా స్పష్టం. అది గోళకీమఠాధిపతి, గణపతిదేవునికి గురువు అయిన విశ్వేశ్వర శివాచార్యునికి రుద్రమదేవి మందడం గ్రామాన్ని ఇచ్చిన సందర్భం. రాజు వైపునుంచి ఊరు వెళ్లింది, గురువు వైపునుంచి సూర్యవంశం వచ్చింది. ఆ దానంతో ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిచాయన్నది గౌరవించవలసిన విషయమే. దానివల్ల ఇచ్చిపుచ్చుకోవడంలోని లెక్క మాత్రం మారదు.

రుద్రమదేవి విషయంలో ఈ లెక్క ఇంకో అడుగు ముందుకు వేసింది. రాజ్యానికి వారసురాలైన కూతుర్ని గణపతిదేవుడు నిడదవోలు చాళుక్య వీరభద్రునికి ఇచ్చి పెళ్లి చేశాడు. అంటే పాత రాజరికపు పేరున్న ఇంటిని అల్లుడి రూపంలో తెచ్చుకున్నాడు. ఇక ఆమెను శాసనాలు రుద్రదేవ మహారాజని పురుషుని పేరుతో వ్యవహరించాయి. స్త్రీని స్త్రీగా సింహాసనం మీద చూడలేని వ్యవస్థ అది.

కాబట్టి వర్ణం రక్తంలో ఉన్న వస్తువు కాదు. సేనానుల మధ్య, సామంతుల మధ్య, సాటి కుటుంబాల పొత్తుతో రాజ్యం నడిచేచోట నాలుగో వర్ణమని చెప్పుకోవడమే బలం. దానం పుచ్చుకునే గురువు ముందు, తీరంలోని పాత పెద్దల ముందు సూర్యవంశం అవసరం. ఒకే సింహాసనానికి రెండు జాతకాలు.

4

కొలువు చేసినవారు ఏలికలు కావడం, ఏలికలు అయ్యాక తాతల్ని వెతుక్కోవడం మన దేశపు వింత కాదు. చైనా చరిత్రలో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. దాన్ని పక్కన పెట్టి చూస్తే కాకతీయులలోని ప్రత్యేకత తేలిగ్గా బోధపడుతుంది.

చైనాకు ఉత్తరాన పచ్చిక బయళ్లలో షియన్‌బీ అనే పశుపాలక సంచార జాతి ఉండేది. అందులో తువోబా ఒక తెగ. 386లో తువోబా గుయ్ అనే నాయకుడు వెయ్ రాజ్యాన్ని స్థాపించాడు. 398లో పింగ్‌చెంగ్, అంటే నేటి దాతోంగ్, రాజధాని అయింది. గెలిచిన ప్రాంతాల నుంచి లక్షకు మించిన జనాన్ని అక్కడికి తరలించి నేల దున్నించారు. మందలతో తిరిగే తెగలను విడగొట్టి ఒకచోట కుదురుగా ఉంచారు. 439 నాటికి ఉత్తర చైనా మొత్తం వారి చేతికి వచ్చింది.

గుర్రం మీద గెలిచిన రాజ్యాన్ని గుర్రం దిగి, పొలం పన్నుతో నడపవలసి వచ్చింది. ఆ పన్ను లెక్కలు తెలిసినవారు చైనా భూస్వామ్య కుటుంబాల పండితులు. క్రమంగా వారి మాటే చెల్లింది. షియావోవెన్ చక్రవర్తి 493, 494 సంవత్సరాల్లో రాజధానిని దక్షిణాన లుయోయాంగ్‌కు మార్చాడు. 495లో, ముప్పై ఏళ్ల లోపు ఉద్యోగులు కొలువులో షియన్‌బీ భాష మాట్లాడరాదని నిషేధించాడు. పాత దుస్తులు కూడా పోయాయి. 496లో తువోబా అన్న ఇంటిపేరే తీసేసి యువాన్ అనే చైనా ఇంటిపేరు పెట్టుకున్నాడు. 554లో పూర్తయిన వెయ్ రాజ్యచరిత్ర ఈ పశుపాలకులను చైనావారి ఆదిపురుషుడైన పసుపు చక్రవర్తి సంతతిగా చూపించింది. మనవారికి దుర్జయుడి మీద సూర్యుడు వచ్చినట్టే.

అదే చరిత్రలో ఇంకో సంగతి ఉంది. 443లో అప్పటి చక్రవర్తి తమ పూర్వీకులదని చెప్పిన ఒక గుహకు మనుషులను పంపి పూజ చేయించి, ప్రార్థనను రాతిమీద చెక్కించాడట. 1980లో ఉత్తర చైనా అడవుల్లో గషియన్ గుహ గోడ మీద ఆ శాసనం దొరికింది. అది చైనా లిపిలో, చైనా భాషలోనే ఉంది. తాతలను తలచుకోవడానికి కూడా ఆ కుటుంబానికి అప్పటికి పాలితుల భాషే దిక్కయింది.

ఈ మార్పుకు మూల్యం చెల్లించినవారు ఉత్తర సరిహద్దు కాపలాలో మిగిలిపోయిన సైనికులు. ఒకప్పుడు రాజు పక్కన గుర్రమెక్కిన తెగవారే లుయోయాంగ్ ప్రభువులకు మోటువాళ్లయ్యారు. పదవులు అందలేదు, తిండికీ కరువే. 520ల్లో ఆ సరిహద్దు దండులు తిరగబడ్డాయి. 534లో రాజ్యం రెండు ముక్కలైంది.

కాకతీయుల దారి మొదట్లో దీనికి భిన్నం. సామంతులుగా ఉన్నప్పుడు వారి శాసనాలు ఎక్కువగా కన్నడంలో ఉన్నాయి, కళ్యాణి ప్రభువుల భాష అది. స్వతంత్రులయ్యాక సంస్కృతంతోపాటు తెలుగుకు మళ్లారు. తువోబాలు రాజ్యం పెరిగినకొద్దీ తమ భాషను వదిలారు, కాకతీయులు పై ప్రభువు భాషను వదిలి కిందనున్న నేల భాషను పట్టుకున్నారు. తువోబాలు తమ తెగవారికి దూరమయ్యారు. కాకతీయులు తమవంటి కుటుంబాలనే నాయకులుగా పైకి తెచ్చారు. రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలానికి పెద్ద వంశం పేరు చెప్పుకోలేని నాయకులు ఎందరో శాసనాల్లో కనిపిస్తారు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లొంగిపోయి, ప్రతాపరుద్రుడు బందీగా పోతూ నర్మదా తీరంలో మరణించాక, కొత్త రాజ్యాలు కట్టినవారిలో ఈ నాయకుల వారసులున్నారు. విష్ణుపాదం నుంచి పుట్టిన గంగ పవిత్రమైనప్పుడు, ఆ పాదం నుంచే పుట్టిన నాలుగో వర్ణం తక్కువెలా అవుతుందన్న వాదన తర్వాతి కాలపు రెడ్డి, నాయక రాజుల శాసనాల్లో వినిపిస్తుంది. అందుకు నేల సిద్ధం చేసింది కాకతీయుల కాలమే.

5

ఇక్కడ అభ్యుదయవాదులం జాగ్రత్తపడవలసిన చోటు ఒకటి ఉంది. కాకతీయులు శూద్రులు కాబట్టి వారిది ప్రజల రాజ్యమని తేల్చేసే ధోరణి మనలోనూ కనిపిస్తుంది. బ్రాహ్మణాధిక్య చరిత్రకు జవాబుగా ఈ మాట పుట్టి ఉండవచ్చు. కాని రాజు వర్ణం వేరు, రాజ్యపు వర్గస్వభావం వేరు. నాలుగో వర్ణపు రాజు పన్ను వేసినా రైతు దగ్గరినుంచి పోయేది అదే గింజ.

కాకతీయ రాజ్యానికి ఆధారం చెరువు. మెట్ట నేలలో నీరు నిలిపితేనే వరి, వరి పండితేనే మిగులు. పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం చెరువులు ఈనాటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. పాకాల చెరువు కట్టించినవాడు గణపతిదేవుని కాలపు జగదాల ముమ్మడి. రామప్ప గుడిని 1213లో కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. చెరువు కట్టించినవారికి దాని కింది భూమిలో దశబంధ మాన్యం వచ్చేది. చెరువు పుణ్యమూ తెచ్చింది, ఆస్తీ తెచ్చింది. సేనాని భూస్వామి అయిన దారి ఈ కట్ట మీదనే సాగింది. 2015లో ప్రభుత్వం సుమారు 46 వేల చెరువుల పూడిక తీసే పథకం చేపట్టి దానికి మిషన్ కాకతీయ అని పేరుపెట్టడం ఈ చెరువుల గొప్పతనానికి నిదర్శనమే. ఆ పేరు కూడా కట్టించినవారిదే, కట్టినవారిది కాదు. మట్టి తట్టలు మోసినవారికి, తూములకు రాళ్లు చెక్కినవారికి శాసన పద్యాల్లో చోటు దక్కలేదు. రామప్ప గుడి ఒక్కటి మాత్రం శిల్పి పేరుతో నిలిచిందని జనం చెప్పుకుంటారు. రాజుల శాసనంలో దాని దేవుడు రుద్రేశ్వరుడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు రెండు పేర్లూ కలిపే రాయవలసి వచ్చింది.

రెండో ఆధారం పన్ను. దరిశనం, అప్పణం, ఉపకృతి, ఇల్లరి, పుల్లరి అని ఆ కాలపు పన్నుల పేర్లు చాలా ఉన్నాయి. పుల్లరి అంటే పచ్చిక మేపినందుకు కట్టే పన్ను. సంచరించే పశుపాలకులమీద, అడవి అంచు జనంమీద పడే భారం అది. ఆ మాట ఎంత మొండిదో చూడండి, రాజులు పోయినా పుల్లరి పోలేదు. 1921-22లో పల్నాటి రైతులు తెల్లదొరల మీద తిరగబడింది కూడా పుల్లరి కట్టబోమనే. కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చింది అందుకే.

మేడారం కథ ఈ సందర్భంలో గుర్తుకు రావాలి. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయలమీదికి ప్రతాపరుద్రుని సేన వచ్చిందనీ, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ పోరులో పడిపోయారనీ, జంపన్న సంపెంగ వాగులో దూకాడనీ, సమ్మక్క చిలుకలగుట్ట మీద కనుమరుగై కుంకుమ భరిణెగా దొరికిందనీ కథ. ఇది రాతిమీది శాసనం కాదు, జనం నోట నిలిచిన కథ. దాన్ని శాసనంలా చదవకూడదు, అలాగని పక్కకూ నెట్టకూడదు. సూర్యవంశం మాత్రం ఏ రాతి సాక్ష్యంతో వచ్చింది? పండితుడు అల్లిన కథను రాయి మీద చెక్కితే చరిత్ర, గిరిజనుడు చెప్పిన కథను గద్దె దగ్గర పాడితే పుక్కిటి పురాణం అనడం ఏ న్యాయం? రెండూ కథలే. ఒకటి పన్ను తీసుకున్నవారిది, మరొకటి పన్ను కట్టలేనివారిది. రెండేళ్లకొకసారి లక్షల జనం ఏ కథ దగ్గరికి నడిచి వెళుతున్నదో మనకు తెలుసు.

6

ఇంత చెప్పాక కాకతీయులను తక్కువ చేయాలన్నది ఈ వ్యాస ఉద్దేశం కాదు. రెండు శతాబ్దాల కొలువు నుంచి లేచి, మెట్ట నేలను మాగాణి చేసిన కాలం వారిది. తెలుగును రాజ్యపు భాషగా నిలబెట్టిన కాలం, వంశం పేరు లేనివారికి కత్తితో పైకి వచ్చే దారి తెరిచిన కాలం కూడా. చరిత్రలో అది ముందడుగే. ఆ ముందడుగు ఎవరి భుజాల మీద పడిందన్నదే మన ప్రశ్న.

కాకతీయులది ఏ కులమని అడిగే విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పవలసిన జవాబు ఇది. శాసనాలు రెండు మాటలు చెబుతున్నాయి. వాటిలో ఏ మాట ఎవరికోసం రాశారో నువ్వే చూడు. గూడూరులో కామసాని, బయ్యారంలో మైలాంబ, బోత్‌పూరులో సేనాని, మల్కాపురంలో గురువు, ఎవరి అవసరం వారిది. ఆ తర్వాత చెరువు కట్ట మీదికి వెళ్లి ఆ మట్టి ఎవరు మోశారో అడుగు. వారసులెవరన్న వాదానికి కూడా అక్కడే కాస్త వెలుగు దొరుకుతుంది. రక్తం లెక్కన వారసులు ఎక్కడైనా ఉండవచ్చు, లేకపోవచ్చు. పాకాల నీళ్లతో నేటికీ నాటు వేస్తున్నవారికి మాత్రం వంశవృక్షం చూపించవలసిన పని లేదు. వాళ్ల తాతలు చేసిన పని వాళ్ల కళ్లముందే ఉంది.